పామర్ అను ఇంటిపేరు

చార్మినారు నుండి దక్షిణముగా షా అలీ బండ మీదుగా ఫలక్‌నుమాకు పోవు దారిలో జహనుమా అను పేట కలదు. ఈ వ్యాసమునకు బీజము అచ్చట పడినది. మా పరిశోధక విద్యార్థులలో ఒకడు ఆ పేట నివాసి. నగరములోని స్థలనామములను గూర్చి ముచ్చటించుచుండగా అతడు తన పేట పేరులో హనుమంతుడున్నాడని చెప్పెను. 'జ' యను అక్షరమును తొలగించి చూచినచో మిగిలినది హనుమయే కదా యనెను. పూర్వమచట ఆంజనేయుని గుడి ఉండి యుండునని ఊహించెను. అదే ప్రసంగములో నిజాము రాజ్య చరిత్రకు సంబంధించిన పామర్ కంపెనీ మాట రాగా, ఆ కంపెనీవారు రాజ్యమును అప్పులపాలు చేసిరి గనుక జనులు వారిని పామరులని పిలిచి యుందురనియు, ఆ పిలుపే పేరుగా నిలిచి యుండుననియు రెండవ ఊహ చేసెను. రెండును ఒక జాతికి చెందిన పొరపాటులే. నవ్వి ఊరకుండవచ్చును. కాని చెవికి వినబడిన పోలికను పట్టుకొని వ్యుత్పత్తి చెప్పు అలవాటు విద్యార్థులకు మాత్రమే పరిమితమైనది కాదు. గ్రామనామములను గూర్చియు, గృహనామములను గూర్చియు అచ్చయిన పెద్దల వ్రాతలలోను ఇట్టివి కొల్లలు. కనుక మొదటి ఊహకు క్లుప్తముగాను, రెండవదానికి కొంత విపులముగాను సమాధానము వ్రాయబూనితిమి.

జహనుమా యనునది పారశీక సమాసము. జహాన్ అనగా లోకము. నుమా యనునది చూపు అను అర్థము గల ధాతువు నుండి వచ్చిన ఉత్తరపదము. లోకమును చూపునది జహాన్‌నుమా. పక్కనే యున్న ఫలక్‌నుమాలో ఫలక్ అనగా ఆకాశము. దారి చూపువానిని ఉర్దూలో రహనుమా యందురు. ధ్రువమును చూపు యంత్రము, అనగా దిక్సూచి, కుతుబ్‌నుమా. ఈ నాలుగు మాటలను వరుసగా పెట్టి చూచినవానికి హనుమంతుడు తనంతట తానే తప్పుకొనును. పైగా ప్రభువుల భవనోద్యానములకు పెట్టిన పేరు పేటకు దిగినది. జనుల నోట రెండు నకారములు ఒకటిగా కలిసి, 'హా' హ్రస్వమై, జహనుమా యైనది. వ్యుత్పత్తి విచారమున మాట నొక్కదానినే పట్టుకొనరాదు, దాని చుట్టములను కూడ పిలిచి కూర్చుండబెట్టవలెను అనుటకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము మాకు దొరకలేదు.

ఇక పామర్. సంస్కృతమున పామర శబ్దము ప్రాచీనమైనది. అమరసింహుడు దీనిని నీచ, ప్రాకృత శబ్దముల సరసను చేర్చెను. గజ్జి యను అర్థము గల పామన్ శబ్దముతో దీనికి సంబంధము చెప్పిన నిఘంటుకారులు కలరు. తెలుగున పండిత పామరులు అను జంటపదమై ఇది ఇంటింటి మాట యైనది. ఇంగ్లీషు ఇంటిపేరైన పామర్ పుట్టుక వేరు, నడక వేరు. దానిని ఇంగ్లీషువారు వ్రాయునప్పుడు మధ్యను లకారమును వ్రాయుదురు, పలుకునప్పుడు విడుతురు. మనవారిలో కన్నుతో చదివినవారు పాల్మర్ అనియు, చెవితో విన్నవారు పామర్ అనియు వ్రాసిరి. ఆ లకారమే లేకున్నచో ఈ పేరు పుట్టుక ఎన్నటికి తెలియకపోయెడిది. పలుకుబడిలో చచ్చినను వ్రాతలో బ్రతికియున్న ఆ హల్లు మనలను దాని మూలమునకు తీసికొనిపోవును.

లాటిను భాషలో పాల్మా యనగా అరచేయి. విప్పిన అరచేతి వలె ఆకులు పరచుకొను చెట్టునకును ఆ పేరే వచ్చినది. తాడి, ఈత, ఖర్జూరము మొదలైన వృక్షజాతి కంతటికిని ఇంగ్లీషున పామ్ అను పేరు ఇట్లు కలిగినది. ప్రాచీన ఫ్రెంచి భాష మీదుగా పాల్మెర్, పామియె అను రూపములతో ఇది ఇంగ్లండు చేరినది. పామర్ అనగా మట్టను మోసికొని వచ్చినవాడు. ఏ మట్ట? పాలస్తీనా యందలి ఖర్జూరపు మట్ట. మధ్యయుగములలో పశ్చిమ ఐరోపా నుండి జెరూసలేమునకు యాత్ర చేసిన క్రైస్తవులు జెరికో మైదానమున ఖర్జూరపు మట్టలను కోసికొని, యాత్ర పూర్తియైనదనుటకు గుర్తుగా ఇంటికి తెచ్చెడివారు. బైబిలులోనే జెరికోకు ఖర్జూర వృక్షముల పట్టణమను పేరున్నది. ఏసుక్రీస్తు జెరూసలేము ప్రవేశించినప్పుడు జనులు మట్టలు పట్టి ఎదురేగిరను కథయు ఈ ఆచారమునకు బలము నిచ్చినది. తెలుగు క్రైస్తవులు ఆ దినమును మట్టల ఆదివారము అందురు. పామర్ అను ఇంటిపేరును తెలుగు చేయవలసివచ్చినచో 'మట్టలవారు' అనవచ్చును. అంతకంటె దగ్గర మాట మనకు లేదు.

ఆ కాలమున యాత్రికులందరును ఒక తెగ కారు. దాంతే మహాకవి 13వ శతాబ్ది చివరి దశకములో రచించిన వీటా నువోవా యను గ్రంథమున యాత్రికులను మూడు పేర్లతో విభజించెను. సముద్రము దాటి పుణ్యభూమికి పోయి మట్టలు తెచ్చువారు పాల్మియెరీలు. స్పెయిను దేశపు గలీసియాలో సెంట్ జేమ్స్ సమాధిని దర్శింపబోవువారు పెరెగ్రీనులు. రోముకు పోవువారు రోమియోలు. రెండవ తెగవారు మట్టకు మారుగా సముద్రపు ఆలిచిప్పను టోపీకి కుట్టుకొనెడివారు. షేక్స్‌పియరు నాటకమునందలి నాయకుని పేరు రోమియో యగుటయు, నాయికతో అతని తొలి సంభాషణము యాత్రికుని మీదను అరచేతి మీదను శ్లేషగా నడచుటయు మనవారు పాఠములో చదువునదే. అక్కడ పామర్ అను మాటకు రెండర్థములు పలుకుచున్నవని చెప్పక తరగతిలో దానిని బోధించుట, శ్లేషను విడిచి వసుచరిత్రను బోధించుట వంటిది.

ఈ మూడు పేర్ల వ్యవస్థ మనకు క్రొత్త కాదు. మా హైదరాబాదు పాతనగరమున నివసించువారికి అసలే కాదు. మక్కాకు పోయివచ్చిన ముస్లిమును హాజీ యందురని అందరికిని తెలియును. పారశీక దేశపు షియాలలో మరి రెండు బిరుదములు కలవు. ఇరాకు నందలి కర్బలాను దర్శించినవాడు కర్బలాయి; మష్‌హద్‌లో ఇమాము రజా సమాధిని దర్శించినవాడు మష్‌హదీ. గమ్యమును బట్టి యాత్రికునికి పేరు మారుట, ఆ పేరు మనిషి పేరునకు ముందు చేరి జీవితాంతము నిలుచుట దాంతే చెప్పినదానికి సరిగా సరిపోవుచున్నది. ఒకరిని చూచి యొకరు నేర్చిరని మేము చెప్పుట లేదు. దూరయాత్ర ప్రాణముతో చెలగాటమైన రోజులలో తిరిగివచ్చినవాడు ఊరికి క్రొత్త మనిషి. క్రొత్త మనిషికి క్రొత్త పేరు పెట్టుట ఏ దేశముననైన సహజమే.

మనలో కాశీయాత్ర అట్టిది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మదరాసు నుండి బయలుదేరి కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయిన కథ ఆయన కాశీయాత్ర చరిత్రలో కలదు. ఆ గ్రంథము 1838లో అచ్చయినది. ఉద్యోగమున్నవాడు, పరివారము గలవాడు చేసిన యాత్రకే అంతటి ప్రయాస పట్టగా, కావడి మోసికొని నడచిపోయిన సామాన్యుని మాట చెప్పనక్కరలేదు. మట్టకు మారుగా మనవారు గంగను తెచ్చిరి. రామేశ్వరము నుండి సేతువు ఇసుకను గంగకు కొనిపోయిరి. కాశీదారమును మెడలోనో ముంజేతికో కట్టుకొనిరి. అయినను కాశికి పోయివచ్చిన తెలుగువాడు కాశీ యను బిరుదమును తన పేరునకు తగిలించుకొనలేదు. ఆ ఫలమును తన బిడ్డకు పెట్టెను. కాశయ్య, కాశమ్మ, కాశీపతి మొదలైనవి అట్టివి. తెలంగాణమున యాదగిరిగుట్టకు మొక్కుకొనగా పుట్టినవాడు యాదయ్య, కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకొనగా పుట్టినవాడు కొమురయ్య. పీర్లకు మొక్కుకొన్న హిందువుల ఇండ్లలో పీరయ్యలును, ఉసేనయ్యలును కలరు. జహనుమా వంటి పేటలలో పది గడపలు ఎక్కి దిగినచో ఈ పేర్లన్నియు వినబడును. యాత్ర చేసినది తండ్రి. పేరు మోయుచున్నది కొడుకు. ఆ పేరు అతనితో తీరిపోవును, మనుమనికి దిగదు.

మరి తెలుగు గృహనామములలో కాశీనాథునివారు, కాశీభట్లవారు కలరు కదా యని ప్రశ్నింపవచ్చును. కలరు. కాని కాశీనాథుడు అనునది మూలపురుషుని పేరు కావచ్చును. అతడు కాశికి పోయియుండ నక్కరలేదు. ఇంటిపేరులో క్షేత్రనామము కనబడినంత మాత్రమున యాత్ర చేసినట్లు సాక్ష్యము కాదని పరిశోధకులు గుర్తుంచుకొనవలెను. పామర్ శబ్దమునకు సరియైన జోడు మాకు మరియొక చోట దొరకినది. సోమయాజులవారు, వాజపేయయాజులవారు, దీక్షితులవారు అను గృహనామములను చూడుడు. ఒకానొక పూర్వుడు సోమయాగము చేసెను. ఒకే పర్యాయము చేసినను చాలును. బ్రతికినంతకాలము అతడు సోమయాజి. తరువాత అతని బిడ్డలును, వారి బిడ్డలును యాగశాల మొగము చూడకపోయినను సోమయాజులవారే. యాగమును చేయుట పోయి, చేసినవాని వంశమున పుట్టుట మిగిలినది. పామర్‌లకును ఇదే గతి. మట్ట తెచ్చినవాడొకడు, ఆ మట్ట ఎండి పొడియైన ఏడెనిమిది వందల ఏండ్లకును ఆ పేరు మోయుచున్నవారు లక్షలు.

ఆ పేరు ఎట్లు వంశమున నిలిచినదో చెప్పుటకు ఇంగ్లీషు ఇంటిపేర్ల కథ కొంత తెలియవలెను. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించుటకు పూర్వము ఇంగ్లీషువానికి ఒకటే పేరు. నార్మను ప్రభువులు తమ భూముల పేర్లను తమ పేర్లకు చేర్చుకొనిరి. విలియము, రాబర్టు, జాను వంటి కొలది పేర్లే అందరికి పెట్టుట చేత ఒక ఊర పదిమంది విలియములైరి. పన్నులు వసూలు చేయు గుమాస్తాకు ఏ విలియమో తెలియవలెను కదా. నదికడ ఇల్లున్నవాడు, జాను కొడుకు, కమ్మరి, ఎఱ్ఱజుట్టువాడు అని గుర్తులు వ్రాసికొనెను. ఈ గుర్తులే క్రమముగా వంశపు పేర్లైనవి. స్థలము, తండ్రి, వృత్తి, ఎగతాళి లేక ఎన్నిక అను నాలుగు మూలములును మన గృహనామములకును ఉన్నవే. 12వ శతాబ్ది చివరి రాజకీయ లెక్కపత్రములలోనే పామర్ అను గుర్తు కనబడును. 1099లో జెరూసలేము క్రైస్తవుల వశమై, 1187లో సలాహుద్దీను చేతికి పోవువరకు గల కాలమే ఐరోపా యాత్రికుల రద్దీ కాలమని తలచినచో, ఈ తేదీలు ఎంత చక్కగా అతుకుచున్నవో తెలియును. ఆ పత్రములలో కొన్నిటియందు లకారము లేని పౌమర్ రూపమున్నది. అది నార్మను ఫ్రెంచి పలుకుబడి. 1538లో ప్రతి చర్చియందును జ్ఞానస్నానములకును, వివాహములకును, మరణములకును దస్తరము పెట్టవలెనని ఆజ్ఞ వెలువడిన పిమ్మట పేర్లకు ఇక కదలిక లేకపోయినది.

పామర్ అనునది ఈ నాలుగు మూలములలో దేనికి చెందును? పండితులు దీనిని ఎన్నిక పేర్లలో చేర్చిరి. మాకును అదే సమంజసముగా తోచుచున్నది. యాత్ర వృత్తి కాదు. ఇతరుల మొక్కులు తీర్చుటకై కూలికి యాత్ర చేసినవారు ఉండిరన్నది నిజమే. గయకు పోలేనివారి తరపున పిండములు పెట్టి వచ్చినవారు మనలోను ఉండిరి. ఎప్పుడును తిరుగుచునే యుండి ఇల్లు లేనివాడే పామర్ అని వివరించినవారును కలరు. కాని ఇల్లు లేనివానికి ఇంటిపేరెక్కడిది? వంశమునకు పేరు నిచ్చిన పామర్ తిరిగివచ్చి, పెండ్లియాడి, పొలము దున్నినవాడై యుండవలెను.

ఇచ్చట మరియొక సంగతి కలదు. ఊరంతయు యాత్రకు పోయినచో ఈ పేరు పుట్టియుండదు. నలుగురిలో ఒక్కడు పోయివచ్చిన చోటనే పోయివచ్చుట గుర్తగును. మనకు తెలిసినదే: గుంటూరివారను ఇంటిపేరు గుంటూరులో పుట్టదు, గుంటూరు విడిచి వేరొక ఊరు చేరినప్పుడు పుట్టును. పామర్ ఇంటిపేరు ఇంగ్లండు నందు అక్కడక్కడ, ముఖ్యముగా దక్షిణ, తూర్పు భాగములందు, ఒకదానితో నొకటికి చుట్టరికము లేని అనేక కుటుంబములలో వేర్వేరుగా పుట్టుటకు ఇదియే కారణము. ఇద్దరు పామర్‌లకు ఒకే మూలపురుషుడు ఉండవలెనను నియమము లేదు. ఇద్దరు సోమయాజులవారికి ఒకే గోత్రము ఉండవలెనను నియమము లేనట్లే.

ఫ్రెంచి దేశమున ఇదే రూపము గల ఇంటిపేరునకు వేరొక మూలముండుటకును వీలున్నది. అక్కడ అరచేతితో బంతిని కొట్టు ఆట యొకటి ఉండెడిది; నేటి టెన్నిసు ఆటకు అది తల్లి. ఆ ఆటకు బంతులు చేయువానిని, ఆటస్థలము నడుపువానిని పామియె అనిరి. పాల్మా యను ఒకే ధాతువునకు చెట్టు వైపు కొమ్మ యొకటి, చేయి వైపు కొమ్మ యొకటి. శబ్దమొకటియే యైనను దేశము మారినచో అర్థము మారునని చెప్పుటకు దీనిని ఉదాహరించితిమి. ఇంగ్లీషు పామర్‌లకు బంతులతో పనిలేదు.

ఈ ఇంటిపేరు హైదరాబాదుకు వచ్చిన విధము చరిత్ర విద్యార్థులకు తెలిసినదే యైనను, పేరు దృష్టితో దానిని మరల చూడవలసియున్నది. జనరల్ విలియం పామర్ అనునతడు వారన్ హేస్టింగ్సు వద్ద సైనిక కార్యదర్శిగా ఉండి, పిమ్మట పూనాలో రెసిడెంటుగా పనిచేసెను. ఆయనకు ఫైజ్ బక్ష్ బేగము వలన కలిగిన కుమారుడు రెండవ విలియం పామర్. ఇతడు 1780లో పుట్టెను. తండ్రి పేరు, తండ్రి ఇంటిపేరు రెండును ఇతనికి వచ్చినవి. తండ్రికి తెరచియుండిన తలుపులు మాత్రము తెరచుకొనలేదు. తలిదండ్రులలో ఒకరు భారతీయులైనవారికి తమ ఉన్నతోద్యోగములు ఇవ్వరాదని 1791లో ఈస్టిండియా కంపెనీ నిర్ణయించినది. పామర్ అను పేరు ఇంగ్లీషుదే. ఆ పేరు మోయువాడు ఇంగ్లీషువాడు కాడని కంపెనీ తీర్పు. అందుచేత అతడు నిజాము సైన్యమున చేరెను. తరువాత కొలువు విడిచి హైదరాబాదులో వడ్డీ వ్యాపారమునకు కోఠీ తెరచెను. అదియే విలియం పామర్ అండ్ కంపెనీ. ఇతని సవతి అన్నయగు జాన్ పామర్ కలకత్తాలో వర్తక ప్రభువని పేరుమోసినవాడు.

ఈ కోఠీ కథ అంతయు చెప్పుట మా పని కాదు. ముఖ్యాంశములు మాత్రము సూచించెదము. దేశీయ ప్రభువులకు బ్రిటిషు ప్రజలు అప్పులీయరాదని 1797 నాటి చట్టము నిషేధించినది. గవర్నరు జనరలు సభ 1816లో పామర్ కంపెనీకి ఆ నిషేధము నుండి మినహాయింపు నిచ్చెను. మంత్రి చందూలాల్ కాలమున రాజ్యపు అప్పు పెరిగినది. 1820లో అరువది లక్షల రూపాయల ఋణమునకు అనుమతి లభించినది. ఆ సంవత్సరమే రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఈ వ్యవహారము లోతులు త్రవ్వెను. గవర్నరు జనరలగు హేస్టింగ్సు ప్రభువు పెంచిన కన్యను పెండ్లాడిన సర్ విలియం రంబోల్డు ఈ కోఠీలో భాగస్వామి యగుటచే వివాదము లండను వరకు ప్రాకినది. తుదకు 1823లో, ఉత్తర సర్కారుల నిమిత్తము కంపెనీవారు నిజామునకు ఏటేట చెల్లించుచుండిన ఏడు లక్షల పేష్కషును ఒక్కసారిగా విడుదల చేసికొని, 1,16,66,666 రూపాయలు ఇచ్చిరి. ఆ సొమ్ము పామర్ కంపెనీ అప్పు తీర్చుటకు పోయినది. ఏడు లక్షలు నూటికి ఆరు వడ్డీ యగుటకు ఎంత అసలు కావలెనో లెక్కించినచో సరిగా ఈ మొత్తమే వచ్చును. కోస్తా తెలుగు జిల్లాలకును హైదరాబాదునకును మిగిలియుండిన ఆ కాగితపు బంధము ఇట్లు ఒక వడ్డీ వ్యాపారి పద్దులో తెగిపోయినదని మన చరిత్ర పాఠములలో తగినంతగా చెప్పుట లేదు. ఆ పిమ్మట కోఠీ నిలువలేదు. వీరాస్వామయ్య 1830లో ఈ నగరమునకు వచ్చునప్పటికే అది కూలినది. ఆ సంవత్సరము జనవరిలో కలకత్తాలోని అన్న కోఠీయు కూలినది.

విలియం పామర్ మాత్రము హైదరాబాదును విడువలేదు. 1867లో ఇచ్చటనే మరణించెను. అతనిని పామరుడనుటకు మా విద్యార్థి చేసిన ఊహను ఇప్పుడు మరల పరిశీలింతము. పేరు కోఠీకి పూర్వము నుండియే ఉన్నది. కోఠీ చేసిన పని వలన వచ్చినది కాదు. ఆ ఒక్క కాలక్రమమే ఊహను కొట్టివేయుటకు చాలును. జనులు వేళాకోళముగా ఆ శ్లేషను వాడి యుండరాదా యన్నచో, వాడి యుండవచ్చును; అది వాడుక చరిత్ర, వ్యుత్పత్తి కాదు. వాడుక చరిత్రకు సాక్ష్యము కావలెను. చూపవలసిన భారము ఊహించినవారిదే. ఈ నగరముననే అట్టి సాక్ష్యము గల పేరు ఒకటి ఉన్నది. నిజాము కొలువులో సేనానియై 1798లో మరణించిన ఫ్రెంచివాడు రేమండ్. మొస్యూ రేమండ్ అను పిలుపును ముస్లిములు మూసా రహీం అనియు, హిందువులు మూసా రాం అనియు తమ దేవుని పేర కలుపుకొనిరని జనశ్రుతి. మూసారాంబాగ్ అను పేట నేటికిని నిలిచి దానికి సాక్ష్యమిచ్చుచున్నది. అది జనులు నిజముగా చేసిన మార్పు; పరిశోధకుడు దానిని గౌరవముతో వ్రాసికొనవలెను. గదిలో కూర్చుండి మనము చేయు విరుపు అట్టిది కాదు. జహనుమాలో హనుమంతుని వెదకుటయు మనము చేయు విరుపే. రేపు ఆ పేటవారు నిజముగానే ఆ కథ చెప్పుకొని గుడి కట్టినచో, అప్పుడు అదియు చరిత్రలో చేరును. అప్పుడును అది పేరుకు మూలము కానేరదు.

ఇంతకును ఈ ఇంటిపేరు ఎంత ప్రచారము గలది? ఇంగ్లండు, వేల్సులలో అధికముగా వినబడు ఏబది ఇంటిపేర్లను 1853లో అక్కడి రిజిస్ట్రారు జనరలు లెక్కించి ప్రకటించెను. స్మిత్, జోన్స్, విలియమ్స్, టైలర్, డేవీస్, బ్రౌన్ అను పేర్లు వరుసగా మొదట వచ్చినవి. పామర్ ఆ ఏబదిలో లేదు. ప్రతి యూరను ఒక కమ్మరి యుండును గనుక స్మిత్ మొదటిది. ప్రతి యూరను జెరూసలేము యాత్రికుడుండడు. అయినను యాత్రికుని పేర్లలో దీనికి పోటీ లేదు. పిల్‌గ్రిమ్ అను ఇంటిపేరు ఉన్నది గాని అరుదు. అమెరికా, ఆస్ట్రేలియాలకు పోయినవారితో పామర్ సముద్రములు దాటినది. గోల్ఫు ఆటగాడు ఆర్నాల్డ్ పామర్ పేరు ఆటలు తెలియనివారును వినియుందురు. సామ్యూల్ పామర్ 19వ శతాబ్దపు చిత్రకారుడు. 1841లో జార్జి పామర్ భాగస్వామిగా చేరిన రీడింగు నగరపు హంట్లీ అండ్ పామర్స్ వారి బిస్కట్ల రేకు డబ్బాలు ఈ పేరును పుస్తకములు చేరని చోట్లకు చేర్చినవి.

ప్రధానమంత్రియైన పామర్‌స్టన్ ప్రభువును ఈ జాబితాలో చేర్చువారు పొరబడుచున్నారు. అతని ఇంటిపేరు టెంపుల్. పామర్‌స్టన్ అనునది ఐర్లండులో డబ్లిను పొంత నున్న ఊరి పేరు నుండి వచ్చిన బిరుదము. న్యూజీలాండులోని పామర్‌స్టన్ నార్త్ నగరమునకు ఆ ప్రధాని పేరే పెట్టిరి. ఒక యాత్రికుని మట్ట ఊరి పేరై, ఊరి పేరు ప్రభువు బిరుదమై, బిరుదము భూగోళమునకు ఆవలి నగరమైనది. ఇంటిపేరు నుండి ఊరిపేరు, ఊరిపేరు నుండి ఇంటిపేరు ఇట్లు తిరుగుట మన పల్లెలలోను చూచుచున్నదే.

మాటగా పామర్ ఇంగ్లీషు వాడుక నుండి ఎప్పుడో తొలగినది. 14వ శతాబ్ది చివర ఛాసరు తన కాంటర్‌బరీ కథల ప్రస్తావనలో పామర్‌లను పేర్కొన్నప్పుడు వారు కన్నుల ముందు నడచు మనుష్యులు. వాల్టర్ స్కాటు 1819 చివర ప్రకటించిన ఐవాన్‌హో నవలలో నాయకుడు పామర్ వేషమున ఇల్లు చేరినప్పుడు అది పాత కాలపు వేషము, చదువరికి వివరింపవలసిన మాట. ఆ నవల వెలువడిన మరుసటి ఏడే హైదరాబాదులో అరువది లక్షల ఋణపత్రము వ్రాయబడినది. ఇంగ్లండులో ఆ మాటకు అర్థము మరుగుపడిన దినములలో ఇక్కడ దానికి వడ్డీ యను క్రొత్త అర్థము కలిగినదన్నమాట.

కేంబ్రిడ్జిలో అరబ్బీ బోధించిన ఎడ్వర్డు హెన్రీ పామర్ కథ చెప్పక ఈ ప్రసంగమును ముగింపజాలము. పారశీక నిఘంటువును కూర్చి, ఖురానును 1880లో ఇంగ్లీషులోనికి తెచ్చిన ఈ పండితుడు సినాయి ఎడారిని కాలినడకను కొలిచినవాడు. 1882లో ఈజిప్టు యుద్ధ సందర్భమున ప్రభుత్వ కార్యము మీద మరల ఆ ఎడారికి పోయి అచ్చటనే హత్యకు గురియైనాడు. జహాన్, నుమా అను రెండు మాటలకును అర్థము చెప్పగలిగిన పామర్ ఇతడొక్కడే మా ఎరుకలో ఉన్నాడు.

మా విద్యార్థి తన వ్యాసమునకు పేర్ల అకారాది సూచికను సిద్ధము చేయుచున్నాడు. పాల్మర్ అను రూపముకడ 'పామర్ చూ.' అని వ్రాయవలసినదనియు, పామరుడు అను మాటను వేరొక ఆరోపముగా ఉంచవలసినదనియు చెప్పితిమి. జహనుమాను జహాన్‌నుమాతో కలిపి జకారమున చేర్చినాడు. హకారము క్రింద పెట్టిన చీటీని తానే తీసివేసినాడు.